పెల్లెట్ స్టవ్ బర్న్ పాట్‌కు చిల్లు పడిందా? కొత్తది పెట్టే ముందు ఇవి చూడాల్సిందే!

అమెరికాలో చలి గట్టిగా ఉండే రాష్ట్రాల్లో పాత ఇల్లు కొన్న వాళ్లకు హాల్లో ఓ మూలన పెల్లెట్ స్టవ్ కూడా ఇంటితో పాటే వస్తుంటుంది. మొదటి చలికాలం బాగానే నడుస్తుంది. రెండో ఏడాదికి తంటా మొదలవుతుంది. ముందు అద్దం నల్లబడుతుంది. మంట బద్ధకంగా మండుతుంది. సగం కాలిన పెల్లెట్లు బూడిద ట్రేలో కనిపిస్తాయి. చల్లారాక తీసి చూస్తే మంట మండే ఇనుప గిన్నె అడుగు వంగిపోయి, రంధ్రాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద చిల్లు పడి ఉంటుంది.

అప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే. మోడల్ నంబర్ చూసి ఆన్‌లైన్‌లో కొత్త పాట్ ఆర్డర్ పెట్టేస్తారు. అది బిగించగానే స్టవ్ మళ్లీ బాగా మండుతుంది. కానీ కొన్ని నెలలకే అదే చోట అదే చిల్లు! ఎందుకిలా? పాట్‌కు చిల్లు పడటం జ్వరం లాంటిది. అసలు కారణం వేరే చోట ఉంటుంది. ఆ కారణం పట్టుకోకుండా పాట్ ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. అంతకంటే ముఖ్యం, ఇంట్లో పడుకున్న వాళ్లకు ప్రమాదం.

మరి కారణం ఎలా పట్టుకోవాలి? పాడైన పాట్‌ను పారేయకుండా ఓ పావుగంట దాన్ని పరిశీలిస్తే చాలావరకు అదే చెప్పేస్తుంది.

అసలు బర్న్ పాట్ పనేంటి?

పెల్లెట్లంటే రంపపు పొట్టును గట్టిగా అదిమి తయారు చేసిన 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉండే కట్టెముక్కలు. ఇళ్లలో వాడే ఈ స్టవ్‌లు 1980ల్లో అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో మొదలయ్యాయి. పైన ఉండే హాపర్‌లో బస్తా పోస్తే, ఆగర్ అనే మర మెల్లగా తిరుగుతూ కొద్దికొద్దిగా పెల్లెట్లను బర్న్ పాట్‌లోకి జారుస్తుంది. ఇగ్నైటర్ వేడెక్కి నిప్పు అంటిస్తుంది. పొగను బయటికి లాగే ఫ్యాన్ తిరగడంతో, గాలి పాట్ రంధ్రాల గుండా పైకి వస్తుంది.

మన పాత కుంపటి గుర్తుందా? బొగ్గుల కింద జల్లెడ, దాని కింద గాలి దారి. ఇదీ అదే లెక్క. తేడా ఏంటంటే ఇక్కడ గాలిని ఫ్యాన్ లాగుతుంది. అందుకే వేడి చాలా ఎక్కువ.

ఇక్కడే అసలు విషయం ఉంది. పాట్‌లో మంట వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ దాటొచ్చు. పోత ఇనుము దాదాపు 1,150 నుంచి 1,200 డిగ్రీల మధ్య కరుగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 900 డిగ్రీల దరిదాపులకు వెళ్లినప్పుడల్లా పైపొర పెచ్చులుగా ఊడటం మొదలుపెడుతుంది. మరి అంత మంటలో పాట్ ఏళ్ల తరబడి ఎలా నిలబడుతోంది? కింది నుంచి వచ్చే చల్లగాలే దాన్ని కాపాడుతోంది. ఆ గాలి నిప్పుకు ఆహారం, లోహానికి రక్షణ. రంధ్రాలు మూసుకుపోయినా, గాలి వేరే దారి పట్టినా ఆ చోట లోహం ఎర్రగా కాలిపోతుంది. అందుకే పాట్ మీద ఏ మచ్చ కనిపించినా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడికి రావాల్సిన గాలి ఎటు పోయింది?

ఈ రాత్రికి స్టవ్ వెలిగించొచ్చా?

బయట మంచు కురుస్తోంది, ఇంట్లో పిల్లలున్నారు, 'ఈ ఒక్క రాత్రికి నడిపిద్దాం' అనిపిస్తుంది. కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి కనిపించినా మాత్రం వెలిగించకండి.

• చిల్లులోంచి నిప్పుకణాలు, పెల్లెట్లు కింది ట్రేలోకి పడుతుండటం
• పాట్‌కు ఒక అంచు నుంచి మరో అంచు దాకా పగులు ఉండటం
• వంగిపోయిన పాట్ తన గూట్లో సరిగ్గా కూర్చోకుండా కదలడం
• వెలిగించేటప్పుడు పొగ నిండిపోయి ఒక్కసారిగా 'భగ్గు'మనడం
• గదిలో పొగ వాసన రావడం లేదా కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగడం

కారణం సింపుల్. చిల్లు పడ్డ పాట్‌లో గాలి అంతా ఆ చిల్లు దగ్గరే దూసుకొస్తుంది. మిగతా చోట్ల పెల్లెట్లు గాలి అందక రాజుకుంటూ ఉండిపోతాయి. అరకొరగా కాలే నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మామూలుగా ఫ్యాన్ దాన్ని బయటికి పంపేస్తుంది. పొగ గొట్టం అతుకుల్లో లీక్ ఉన్నా, కరెంటు పోయి ఫ్యాన్ ఆగినా అదే వాయువు గదిలోకి వస్తుంది.

పగలు మీరు ఆఫీసుకు వెళ్తే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లోనే, ఆ వెచ్చటి గదిలోనే ఉంటారు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం మొదలైతే 'జెట్ లాగ్ ఏమో, చలి పడలేదేమో' అనుకునే అవకాశం ఉంది. ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి అలా ఉండి, బయటికి వెళ్తే తగ్గుతుంటే అనుమానించాల్సిందే. వెంటనే అందరూ బయటికి వచ్చేసి 911కు ఫోన్ చేయాలి. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర అలారం పనిచేస్తోందో లేదో ఈరోజే చూసుకోండి. అది మోగితే ఏం చేయాలో పెద్దవాళ్లకు తెలుగులో ఒకసారి చెప్పి పెట్టండి.

పాట్ తీసే ముందు

మండుతున్న స్టవ్ ప్లగ్ పీకేయకూడదు. ఫ్యాన్ ఆగిపోయి పొగ ఇంట్లోకి తిరుగుతుంది. ముందు స్విచ్ ఆఫ్ చేసి, నిప్పు ఆరి ఫ్యాన్ దానంతట అది ఆగేదాకా ఉండాలి. ఆ తర్వాతే ప్లగ్ తీయాలి. పూర్తిగా చల్లారడానికి కొన్ని గంటలు పడుతుంది.

బూడిద చల్లగా కనిపించినా లోపల నిప్పురవ్వలు రోజుల తరబడి బతికే ఉండొచ్చు. అందుకే మూత ఉన్న ఇనుప బకెట్‌లోకి తీసి, ఇంటికి దూరంగా కాలని నేల మీద పెట్టాలి. ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో బూడిద లాగొద్దు. లోపలి బ్యాగ్ అంటుకున్నా అంటుకుంటుంది. బూడిద కోసం తయారైన వాక్యూమ్ వేరే దొరుకుతుంది.

ఇంట్లోనే చేసుకునే 5 పరీక్షలు

1. గీకి చూడటం: పాట్‌లో అంటుకున్న గట్టి బూడిద గడ్డను స్క్రూడ్రైవర్‌తో తీసేయండి. కమ్మరి కొలిమిలో మిగిలే చిట్టెంలా ఉండే ఈ గడ్డనే క్లింకర్ అంటారు. దాన్ని పారేయొద్దు, కింద పనికొస్తుంది. తర్వాత వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా రుద్దండి. కొద్దిపాటి నల్లపొర ఊడితే ఫర్వాలేదు. లోహమే పొరలు పొరలుగా, పెచ్చులుగా ఊడుతుంటే మందం తగ్గిపోయినట్టే.

2. టార్చ్ పరీక్ష: గదిలో లైట్లు తీసేసి పాట్ వెనక ఫోన్ టార్చ్ పెట్టండి. కంపెనీ వేసిన రంధ్రాల్లోంచి మాత్రమే వెలుతురు రావాలి. సన్నటి గీతలా వెలుతురు వస్తే అది పగులు. ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

3. రంధ్రాల కొలత: పై వరుసలో మంట ఎక్కువగా తగలని రంధ్రంలో సరిగ్గా పట్టే డ్రిల్ బిట్ ఒకటి తీసుకోండి. అదే బిట్ అదే సైజులో వేసిన అడుగు రంధ్రాల్లో వదులుగా ఊగుతుంటే అవి అరిగి పెద్దవయ్యాయని అర్థం. అన్ని మోడళ్లలో రంధ్రాలు ఒకే సైజులో ఉండవు. కాబట్టి మాన్యువల్‌లో బొమ్మ చూసి పోల్చుకోండి.

4. వంపు పరీక్ష: స్టీలు స్కేలును అడుగు మీద, అంచుల మీద నిలువుగా ఆనించండి. కింద సందు కనిపిస్తే వంపు ఉన్నట్టే. పాట్‌ను బోర్లించి సమంగా ఉన్న టైల్ మీద పెట్టినా తెలుస్తుంది. టకటకా ఊగితే అంచు మెలి తిరిగింది.

5. శబ్దం పరీక్ష: ఇది పోత ఇనుము పాట్‌లకు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే. పాట్‌ను ఒక చేత్తో పట్టుకుని చిన్న స్పానర్‌తో మెల్లగా తట్టండి. ఖంగున మోగితే మంచిది. బొద్దుగా, పగిలిన కుండలా వినిపిస్తే కంటికి కనిపించని పగులు ఉండొచ్చు.

రంగు చూసి మాత్రం కంగారు పడొద్దు. స్టీలు నీలంగా, ఊదాగా మారడం వేడి తగిలిన ప్రతి పాట్‌లోనూ కనిపించేదే. రంగుతో పాటు వంపు, పెచ్చులు కూడా ఉంటేనే అది అతివేడి దెబ్బ.

దెబ్బ ఎక్కడుంటే.. కారణం ఏంటి?

అడుగంతా సమానంగా అరిగితే: ఇది ఎక్కువగా వయసు వల్ల వచ్చేదే. ఎన్నో టన్నుల పెల్లెట్లు కాల్చిన పాట్ ఎప్పటికైనా అరుగుతుంది. కొత్తది పెట్టుకోవచ్చు.

ఒక పక్కే, ఒక మూలే కాలిపోతే: గాలి సమంగా రావడం లేదు. క్లింకర్ గడ్డ ఒక పక్క రంధ్రాలను మూసేస్తే రెండో పక్క గాలి కేంద్రీకృతమై అక్కడ మంట తీవ్రమవుతుంది. లేదా పాట్ గూట్లో వంకరగా కూర్చుంటోంది. పాట్ కింద గ్యాస్కెట్ ఉండే మోడల్ అయితే అది చిరిగిందేమో చూడండి.

అడుగు మధ్యలో కుంగిపోయి, పెచ్చులు ఊడుతుంటే: అతివేడి. స్టవ్‌ను రోజుల తరబడి గరిష్ఠ సెట్టింగ్‌లో నడపడం ఒక కారణం. అడుగున క్లింకర్ పేరుకుని గాలి ఆగిపోవడం మరో కారణం. మూడోది కొలిమి ఎఫెక్ట్. కమ్మరి తిత్తి ఊదితే ఇనుము ఎర్రబడినట్టు, గాలి డంపర్ అవసరానికి మించి తెరిచి ఉన్నా, పాట్ కిందికి ఎక్కడి నుంచైనా అదనపు గాలి లీకవుతున్నా పాట్ మాడిపోతుంది.

ఇగ్నైటర్ రంధ్రం చుట్టూ మాత్రమే కాలితే: ఇగ్నైటర్ అవసరానికి మించి ఆన్‌లో ఉంటోందేమో, దాని చుట్టూ బూడిద గట్టిగా కూరుకుపోయిందేమో చూడాలి. థర్మోస్టాట్ వల్ల స్టవ్ రోజుకు చాలాసార్లు ఆగి వెలుగుతుంటే కూడా అక్కడే దెబ్బ తగులుతుంది. పదే పదే వేడెక్కి చల్లబడితే పోత ఇనుములో పగుళ్లూ వస్తాయి.

పై అంచు, పెల్లెట్లు జారే గొట్టం వైపు గోడ కాలితే: దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. నిప్పు పాట్ దాటి పైకి గుట్టగా పేరుకుంటోందని దీని అర్థం. పెల్లెట్లు ఎక్కువగా పడుతున్నాయి లేదా గాలి చాలడం లేదు. ఇలాగే వదిలేస్తే నిప్పు గొట్టం వెంట వెనక్కి పాకి హాపర్ వైపు వెళ్లే ప్రమాదం ఉంది. టెక్నీషియన్ చూసేదాకా వెలిగించొద్దు.

లోపలా బయటా గుంతలు గుంతలుగా తుప్పు పడితే: ఇది మంట పని కాదు, తేమ పని. కట్టె బూడిదకు క్షారగుణం ఉంటుంది, గాలిలో తేమను పీల్చుకుంటుంది. వేసవి అంతా బూడిద తీయకుండా వదిలేస్తే ఇనుమును తినేస్తుంది. ఉప్పు, క్లోరైడ్ ఎక్కువున్న పెల్లెట్లు వాడినా ఇంతే. మొక్కజొన్న గింజలు కాల్చడానికి తయారుకాని స్టవ్‌లో వాటిని కాల్చినా క్లింకర్, తుప్పు రెండూ వస్తాయి.

గాలి దారి ఇలా చెక్ చేయండి

దెబ్బ ఎక్కడుందో తెలిశాక స్టవ్‌ను కూడా చూడాలి. తలుపు చుట్టూ తాడులా ఉండే గ్యాస్కెట్‌తో మొదలుపెట్టండి. ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. బిగుతుగా పట్టుకోవాలి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ లీక్ ఉంది. అప్పుడు గాలి పాట్‌లోంచి రాకుండా తలుపు సందుల్లోంచి లోపలికి వెళ్లిపోతుంది. పాట్‌లో నిప్పుకు గాలి చాలదు. మంట పొడుగ్గా, నారింజ రంగులో, పొగతో బద్ధకంగా ఊగుతుంది. అద్దం నల్లబడటానికీ ఇదే కారణం. తలుపు చుట్టూ నాలుగైదు చోట్ల, బూడిద ట్రే తలుపు దగ్గర కూడా ఇదే పరీక్ష చేయండి.

తర్వాత బయట గోడ దగ్గర గాలి లోపలికి వచ్చే పైపు చూడండి. వేసవిలో ఎలుకలు, కందిరీగలు అక్కడ గూళ్లు పెడుతుంటాయి. పొగ గొట్టం, ఫ్యాన్ రెక్కలు, స్టవ్ లోపలి బూడిద దారులు శుభ్రం చేసి ఎన్నాళ్లైంది? ఒక సీజన్ దాటితే అక్కడే ఆగండి, ముందు అది చేయించండి.

ఆ బస్తా మీద ఏం రాసుంది?

ఇందాక దాచిన క్లింకర్ గడ్డ ఇప్పుడు పనికొస్తుంది. గాజులా గట్టిగా, పెద్దగా ఉంటే పెల్లెట్లను కూడా అనుమానించాలి. శుభ్రమైన కట్టె బూడిద అంత తేలిగ్గా కరగదు. బెరడు, ఇసుక, మట్టి కలిస్తే తక్కువ వేడికే కరిగి రంధ్రాల మీద అతుక్కుంటుంది.

అమెరికాలో పెల్లెట్ ఫ్యూయల్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రీమియం గ్రేడ్‌లో బూడిద 1 శాతం మించకూడదు. యూరప్‌లో ఈఎన్‌ప్లస్ ఏ1 గ్రేడ్‌కు పరిమితి 0.7 శాతం. చిన్న తేడానే కదా అనుకోవద్దు, లెక్క వేద్దాం. 40 పౌండ్ల బస్తా అంటే సుమారు 18 కిలోలు. 1 శాతం బూడిద అంటే బస్తాకు 180 గ్రాములు. టన్నుకు 50 బస్తాలు. చలికాలంలో 3 టన్నులు కాల్చే ఇంట్లో 27 కిలోల బూడిద ఆ చిన్న గిన్నెలో తయారవుతుంది. అదే అర శాతం ఉన్న పెల్లెట్లయితే పదమూడున్నర కిలోలే. బస్తా అడుగున పొడి ఎక్కువగా ఉన్నా, పెల్లెట్లు తడి తగిలి ఉబ్బినా వాడొద్దు.

ఈ 'జుగాడ్'లు వద్దు

• చిల్లును ఎపాక్సీ, పుట్టీతో పూడ్చొద్దు. ఆ వేడికి నిలవవు.
• జింకు పూత ఉన్న రేకు ముక్క అడుగున వేయొద్దు. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ పొగ విషం.
• 'గాలి బాగా వస్తుంది' అని రంధ్రాలను డ్రిల్‌తో పెద్దవి చేయొద్దు. గాలి లెక్క మొత్తం తప్పుతుంది.
• పగిలిన పోత ఇనుమును ఇంట్లో వెల్డింగ్ చేయొద్దు. పక్కనే మళ్లీ పగులుతుంది.
• మొదటిసారి అంటుకోకపోతే, పాట్ నిండా ఉన్న పెల్లెట్ల మీదే మళ్లీ స్టార్ట్ నొక్కొద్దు. చల్లారాక పాట్ ఖాళీ చేయాలి. తీసిన పెల్లెట్లను తిరిగి హాపర్‌లో పోయొద్దు.

కొత్త పాట్ పెట్టాక

హాపర్ మూత లోపల లేదా స్టవ్ వెనక ఉండే ప్లేట్ మీద మోడల్, సీరియల్ నంబర్ ఉంటాయి. వాటి ప్రకారమే పాట్ తీసుకోండి. 'చూడటానికి అలాగే ఉంది' అనుకుని కొంటే రంధ్రాల లెక్క తేడా కొడుతుంది. వారంటీ ఉందేమో కూడా అడగండి. మీరు తీసిన ఫొటోలు అక్కడ పనికొస్తాయి. టెక్నీషియన్‌ను పిలిచేటప్పుడు నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్ పెల్లెట్ సర్టిఫికెట్ ఉందో లేదో కనుక్కోండి. పాత పాట్ చూపించి 'ఈ చోటే ఎందుకు కాలింది?' అని అడగండి. దానికి జవాబు చెప్పకుండా పాట్ బిగించి వెళ్తే పని సగమే అయినట్టు.

కొత్త పాట్‌ను మొదటి రోజే టార్చ్ పెట్టి ఫొటో తీసుకోండి. ఆ తర్వాత ప్రతి టన్నుకు, అంటే 50 బస్తాలకోసారి అదే కోణంలో ఇంకో ఫొటో తీయండి. రోజూ రంధ్రాలు గీకి, సీజన్ అయిపోగానే బూడిద మొత్తం తీసేసి పాట్‌ను పొడిగా ఉంచండి. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే చిల్లు పడకముందే తేడా కనిపిస్తుంది.

ప్రతి స్టవ్ డిజైన్ వేరు కాబట్టి చివరి మాట మీ మాన్యువల్‌దే. అందులోని పాట్ బొమ్మ ఉన్న పేజీని ఈరోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పాత పాట్‌ను మాత్రం కారణం తేలేదాకా చెత్తబుట్టలో వేయకండి.